ఇంటిపేరు దొరకని పురుగు

పిల్లలూ! వానపాము పామేనా? కాదని మీకు తెలుసు. పాముకు వెన్నెముక ఉన్నది, వానపాముకు లేదు. మరి నక్షత్రచేప చేపేనా? అదీ కాదు. దానికి తలా లేదు, తోకా లేదు. చూపుకు ఒకదానిలాగా మరొకటి ఉన్నంత మాత్రాన రెండు జంతువులూ చుట్టాలు కావు. పేర్లు మనం పెట్టుకున్నవి. చుట్టరికాలు మాత్రం మనం పెడితే వచ్చేవి కావు. అవి వెతికి తెలుసుకోవలసినవి.

అట్లా వెతకటం ఎంత కష్టమో, అందులో ఎంత తమాషా ఉన్నదో మీకు తెలియటానికి ఒక చిన్న సముద్రపు పురుగు సంగతి చెబుతాను. నూరేళ్ళకు పైగా శాస్త్రజ్ఞులు దాని ఇంటిపేరు వెతుకుతున్నారు. ఒకసారి దొరికిందనే అనుకున్నారు. కాని అది పురుగు ఇంటిపేరు కాదు, పురుగు తిన్న భోజనం ఇంటిపేరు అని తరవాత తేలింది!

ముందు కొంచెం వెనక్కు వెళదాం. జంతువులను ఒక పద్ధతి ప్రకారం గుంపులు చేసిన వారిలో ముఖ్యుడు స్వీడన్ దేశస్థుడు కార్ల్ లినేయస్. 1758లో వచ్చిన తన గ్రంథం పదో కూర్పులో ఆయన జంతువులన్నిటినీ ఆరు గుంపులుగా విడదీశాడు. పాలిచ్చే జంతువులు ఒక గుంపు, పక్షులు ఒక గుంపు, కప్పలూ పాములూ వగైరా ఒక గుంపు, చేపలు ఒక గుంపు, కీటకాలు ఒక గుంపు. ఇవి పోగా మిగిలిన వానపాములు, నత్తలు, ఆల్చిప్పలు, జెల్లీచేపలు, నక్షత్రచేపలు అన్నిటినీ ఆయన ఆరో గుంపులో వేశాడు. దాని పేరు ‘పురుగులు’. ఎక్కడ పెట్టాలో తెలియని సామానంతా మన ఇళ్ళలో అటకమీదికి ఎక్కిస్తారు చూడండి, ఆ ఆరో గుంపు అట్లాంటి అటక అన్నమాట.

తరవాత వచ్చినవాళ్ళు ఒక్కొక్క జంతువునే దించి, లోపల ఏమున్నదో చూసి, ఆ అటక సర్దుతూ వచ్చారు. నత్తలనూ ఆల్చిప్పలనూ ఒకచోట చేర్చారు. ఒంటిమీద ఉంగరాల వంటి గీతలున్న వానపాములనూ జలగలనూ ఒకచోట చేర్చారు. రిబ్బను ముక్కలాగా పలచగా ఉండే బల్లపరుపు పురుగులను మరొకచోట పెట్టారు. ఇంత సర్దినా, ఎక్కడా ఇమడని వస్తువులు కొన్ని మిగిలిపోతూనే ఉన్నాయి. మన పురుగు అట్లాంటిది.

స్వీడన్ దేశపు పడమటి తీరంలో గుల్‌మార్ అనే చోట సముద్రం ఒక పొడుగాటి పాయగా భూమిలోకి చొచ్చుకుని వస్తుంది. 1915లో సిక్స్టెన్ బాక్ అనే శాస్త్రజ్ఞుడికి ఆ పాయ అడుగున ఉన్న బురదలో ఒక వింత పురుగు దొరికింది. పొడవు ఒకటి రెండు అంగుళాలకు మించదు. చూడటానికి పాతబడిన చిన్న గుడ్డసంచీలాగా, పసుపూ గోధుమా కలిసిన రంగులో ఉంటుంది. నడుముకు మొలతాడు కట్టినట్టు చుట్టూ ఒక గాడి, ముందుభాగంలో రెండు పక్కలా ఒక్కొక్క గాడి. ఇంతే దాని రూపురేఖలు.

దాన్ని కోసి చూస్తే లోపల ఉన్నవాటికన్న లేనివే ఎక్కువ! గుండె లేదు, రక్తనాళాలు లేవు, మూత్రపిండాల వంటివేవీ లేవు, కళ్ళు లేవు. మెదడు కూడా లేదు. చర్మం అడుగున సన్నని నాడుల వల ఒకటి మాత్రం ఉన్నది. పొట్టవైపు నడిమిభాగంలో ఒక నోరు ఉన్నది. ఆ నోరు ఒక సంచీలోకి తెరుచుకుంటుంది. ఆ సంచీయే దాని కడుపు. సంచీకి రెండో తలుపు లేదు. తిన్నది అరిగిన తరవాత మిగిలిన పిప్పి వచ్చిన దారినే తిరిగి బయటికి పోవాలి. ఒంటినిండా కంటికి కనబడనంత చిన్న నూగు ఉంటుంది. దాన్ని శైలికలు అంటారు. ఆ నూగును ఆడిస్తూ పురుగు బురదమీద మెల్లగా జారుతూ పోతుంది.

దీనితో పోలిస్తే మీ పెరట్లో ఉన్న వానపాము ఎంతటి ఘనమైన జీవో చూడండి. దానికి ఒక చివర నోరు, రెండో చివర మలద్వారం, ఎర్రని రక్తం, నాడీమండలం, చిన్న మెదడు, అన్నీ ఉన్నాయి.

ఈ వింత పురుగు చాలా ఏళ్ళు పేరు లేకుండానే ఉన్నది. 1949లో ఐనార్ వెస్ట్‌బ్లాడ్ అనే మరో స్వీడన్ శాస్త్రజ్ఞుడు దాన్ని వర్ణించి ‘జీనోటర్బెల్లా బాకి’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘జీనోస్’ అంటే పరాయిది, వింతది అని అర్థం. బల్లపరుపు పురుగుల్లో స్వేచ్ఛగా తిరిగేవాటిని ‘టర్బెల్లేరియా’ అంటారు. ‘బాకి’ అన్నది దాన్ని కనుగొన్న బాక్ గారి జ్ఞాపకార్థం. మొత్తంమీద ‘బాక్ గారి వింత బల్లపరుపు పురుగు’ అన్నమాట. అంటే వెస్ట్‌బ్లాడ్ దాన్ని బల్లపరుపు పురుగుల ఇంట్లో చేర్చాడు.

కాని ఆ ఇంట్లో అది ఎక్కువకాలం నిలవలేదు. దాని చర్మం నక్షత్రచేపల చుట్టాల చర్మాన్ని పోలి ఉన్నదని 1960లో ఒక శాస్త్రజ్ఞుడు అన్నాడు. కాదు, బల్లపరుపు పురుగుల్లో మరీ చిన్నవైన ఒక రకం వాటినే పోలి ఉన్నదని మరికొందరు అన్నారు. చర్మం చూసి ఒకరు, కడుపు చూసి ఒకరు తలా ఒక ఇంటిపేరు చెబుతుంటే తగవు ఎట్లా తీరుతుంది? అందరూ ఒప్పుకునే దస్తావేజు ఒకటి కావాలి.

అట్లాంటి దస్తావేజు ప్రతి ప్రాణి ఒంట్లోనూ ఉన్నది. దాన్ని డి.ఎన్.ఎ. అంటారు. అది నాలుగే అక్షరాలతో రాసిన అతిపొడుగాటి రాత వంటిది. తల్లిదండ్రులనుంచి పిల్లలకు ఆ రాత నకలుగా వస్తుంది.

దీనితో చుట్టరికం ఎట్లా తెలుస్తుందని అడుగుతారా? వెనకటి రోజుల్లో మన కావ్యాలను తాటాకులమీద గంటంతో రాసేవాళ్ళు. ఒక ప్రతిని చూసి మరొక ప్రతి, దాన్ని చూసి ఇంకొక ప్రతి రాసుకునేవాళ్ళు. రాసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పు పడితే, ఆ ప్రతి చూసి రాసిన వాటన్నిటిలోనూ ఆ తప్పే ఉంటుంది. అందుచేత రెండు ప్రతుల్లో అవే చోట్ల అవే తప్పులు కనబడితే, అవి ఒకే తల్లిప్రతికి పిల్లలని ఊహించవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో బ్రౌన్ దొర వేమన పద్యాల తాళపత్ర ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి సరిచూశాడు. శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ. విషయంలో చేసేది కూడా ఇట్లాంటి పనే. ఒకే భాగాన్ని పది జంతువుల్లో చదివి, ఏ ఏ మార్పులు ఎవరెవరిలో కలిసి ఉన్నాయో లెక్క చూస్తారు.

1997లో మన పురుగు రాతను చదివారు. చదివినవాళ్ళు ఆశ్చర్యపోయారు. అది ఆల్చిప్పల రాతలాగా ఉన్నది! పురుగు లోపల ఆల్చిప్పల గుడ్లవంటివి కూడా కనబడ్డాయి. ఇంకేం, జీనోటర్బెల్లా ఆల్చిప్పలకు చుట్టమని, పెద్దదవుతున్న కొద్దీ చిప్పా అవయవాలూ పోగొట్టుకుని సంచీలాగా మిగిలిందని ప్రకటించారు. ఇంటిపేరు దొరికిందని అందరూ సంతోషించారు.

కాని కొందరికి అనుమానం తీరలేదు. వాళ్ళు మళ్ళీ మొదటినుంచీ చదివారు. ఈసారి పురుగు ఒంట్లో ఒకటి కాదు, రెండు రకాల రాతలు కనబడ్డాయి. ఒకటి ఆల్చిప్పలది. రెండోది ఎవరిదీ కాదు, కొత్తది. ఆ ఆల్చిప్పలు ఎక్కడివి? అదే బురదలో ఉండే చిన్న చిన్న ఆల్చిప్పలు! మన పురుగు వాటిని తిన్నది. తిన్న ఆహారం తాలూకు రాతను చదివి, అది తిన్నవాడి రాత అనుకున్నారన్నమాట. పెసరట్టు తిన్న మనిషి కడుపు పరీక్ష చేసి, ‘ఈయన పెసర జాతి మొక్క’ అన్నట్టు అయింది!

ఈ సంగతి 2003లో బయటపడింది. 2013లో మరొక సాక్ష్యం దొరికింది. జపాన్ శాస్త్రజ్ఞుడు నకానో, ఆయన తోటివారూ ఈ పురుగు గుడ్లు పొదిగి పిల్లలు కావటం కళ్ళారా చూశారు. ఆల్చిప్పల పిల్లలకు ఉండే పోలికలు ఆ పిల్లల్లో ఏమీ లేవు. ఒంటినిండా నూగుతో ఈదే చిన్న ఉండలవి. వాటికి అప్పటికింకా నోరు కూడా లేదు. దీనితో ఆల్చిప్పల చుట్టరికం పూర్తిగా తెగిపోయింది.

ఇక రెండో రాత ఎవరికి దగ్గర? ఇది తెలియాలంటే మరొక చిన్న పురుగును మీకు పరిచయం చెయ్యాలి. ఫ్రాన్సు దేశంలో బ్రిటనీ తీరాన రోస్కాఫ్ అనే ఊరున్నది. అక్కడ సముద్రం పోటు తీసి వెనక్కు పోయినప్పుడు, తడి ఇసుకమీద ఆకుపచ్చని మరకలు కనబడతాయి. నాచు అనుకుని దగ్గరికి పోతే, అడుగుల చప్పుడుకు మరకలు కాస్తా ఇసుకలోకి ఇంకి మాయమవుతాయి! అవి నాచు కాదు. కొద్ది మిల్లీమీటర్ల పొడవుండే పురుగులు, వేలకు వేలు. వాటి ఒంట్లో ఆకుపచ్చని నాచుకణాలు కాపురం ఉంటాయి. పురుగులు ఎండలోకి వచ్చి పడుకుంటే, నాచుకణాలు చెట్ల ఆకుల్లాగా ఎండతో ఆహారం తయారుచేస్తాయి. పెద్దపురుగు ఆ ఆహారంతోనే బతుకుతుంది. ఇంట్లోనే వంటమనిషి ఉన్నాడు గనక అది వేటకు పోనక్కరలేదు! దాని తలలో అతిచిన్న రాయివంటిది ఒకటి ఉంటుంది. అది ఎటు ఒరిగితే అటు కిందు అని పురుగుకు తెలుస్తుంది.

ఇట్లాంటి పురుగులను ‘అసీల్’ పురుగులు అంటారు. ఒంట్లో కుహరం, అంటే ఖాళీ అర, లేనివని ఆ మాటకు అర్థం. వీటినీ చాలాకాలం బల్లపరుపు పురుగుల ఇంట్లోనే ఉంచారు. కాని 1999లో స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞులు కొందరు వీటి రాత చదివి, ఇవి బల్లపరుపు పురుగులు కావని చెప్పారు. చివరికి 2011లో మన జీనోటర్బెల్లానూ ఈ అసీల్ పురుగులనూ, వాటి దగ్గరి చుట్టాలనూ ఒకే ఇంటివారని తేల్చి, ఇద్దరి పేర్లూ కలిపి ‘జీనసీలోమార్ఫా’ అని కొత్త ఇంటిపేరు పెట్టారు. తప్పిపోయిన ఇద్దరు పిల్లలు అన్నదమ్ములని తెలిసింది. అయితే వాళ్ళ తాతగారి ఇల్లు ఏది? అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

ఇప్పుడు కాగితం తీసి ఒక చెట్టు గియ్యండి. ఆవు, చేప, పీత, నత్త, వానపాము, మనిషి, వీటన్నిటికీ ఒక పోలిక ఉన్నది. నడిమధ్యగా గీత గీస్తే కుడి ఎడమలు ఇంచుమించు సరిపోతాయి. వీటిని కుడిఎడమల జంతువులు అందాం. ఇవన్నీ ఒకే పెద్దకొమ్మ. పెద్దయిన నక్షత్రచేపకు అయిదు చేతులున్నా, దాని పిల్లకు కుడి ఎడమలు ఉంటాయి గనక అది కూడా ఈ కొమ్మలోదే. జెల్లీచేపలూ స్పంజులూ ఈ కొమ్మకు బయట ఉంటాయి.

ఈ పెద్దకొమ్మమీద మన పురుగులను ఎక్కడ పెట్టాలి? శాస్త్రజ్ఞుల్లో రెండు పక్షాలున్నాయి.

మొదటి పక్షం వారు కొమ్మ మొదట్లోనే పెట్టాలంటారు. అంటే కుడిఎడమల జంతువులలో అన్నిటికన్న ముందుగా వేరుపడిన శాఖ ఇదే. ఇది నిజమైతే, యాభై కోట్ల సంవత్సరాలకు పైగా వెనకనున్న మన అందరి తొలి పూర్వీకుడు బహుశా ఈ పురుగులాగానే ఉండేదేమో! ఒకే తలుపున్న కడుపు. మెదడు లేదు, మూత్రపిండాలు లేవు. అవన్నీ తరవాత సంపాదించుకున్న ఆస్తి.

రెండో పక్షం వారు అట్లా కాదంటారు. ఈ పురుగులు నక్షత్రచేపల ఇంటి పక్కన ఉండాలంటారు. ఆ ఇల్లు వెన్నెముక గల జంతువుల ఇంటికి, అంటే మన ఇంటికి, దగ్గర. ఇది నిజమైతే ఆ పురుగు మనకు దాయాది అన్నమాట! దాని పూర్వీకులకు రెండు తలుపుల కడుపూ మరికొన్ని అవయవాలూ ఉండేవి. ఇది వాటిని పోగొట్టుకుని నిరాడంబరంగా మారింది.

పోగొట్టుకోవటం అంత వింతేమీ కాదు. పాముల పూర్వీకులకు కాళ్ళుండేవి. కొండచిలువకు తోక మొదట్లో ఈనాటికీ రెండు చిన్న ముళ్ళవంటివి ఉంటాయి. అవి వెనకకాళ్ళ గుర్తులే. మనుషుల పేగుల్లో చేరే బద్దెపురుగుకు నోరు లేదు, కడుపు లేదు. చుట్టూ అరిగిన ఆహారమే ఉన్నప్పుడు అవి ఎందుకు? దాని చుట్టాలకు మాత్రం రెండూ ఉన్నాయి. ఒక ఇల్లు బోసిగా ఉన్నదంటే, ఇంటాయన ఇంకా సామాను కొనలేదని అర్థం కావచ్చు. కొన్నదంతా అమ్మేసుకున్నాడనీ అర్థం కావచ్చు. గుమ్మంలో నిలబడి చూస్తే రెండూ ఒకలాగానే ఉంటాయి. సాదాగా ఉన్నదల్లా మొదటిది కాదు. ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకుంటే జంతుశాస్త్రంలో ఎన్నో పొరపాట్లు తప్పుతాయి.

మరి దస్తావేజు ఉన్నది గదా, దాన్ని చదివి తేల్చరాదా అంటారేమో. అక్కడా ఒక చిక్కున్నది. మన తాళపత్రాల సంగతే తీసుకోండి. ఒక లేఖకుడు నిదానంగా రాస్తాడు. మరొకడు గబగబా రాసి బోలెడు తప్పులు చేస్తాడు. తప్పులు మరీ ఎక్కువైన ప్రతి తన సొంత చుట్టాలతోనే పోలదు. అది ఎక్కడో దూరాన, మొదట్లోనే వేరుపడినట్టు కనబడుతుంది. అసీల్ పురుగుల రాత అట్లాంటిదే; అందులో మార్పులు చాలా వేగంగా జరిగాయి. అందుచేత అవి నిజంగా మొదట్లోనే విడిపోయాయా, లేక వేగంగా మారటంవల్ల అట్లా కనబడుతున్నాయా అన్నది ప్రశ్న.

2016లో రెండు బృందాలు ఒకే పత్రికలో తమ ఫలితాలు ప్రకటించాయి. రెండూ మొదటి పక్షమే. 2019లో ఫిలిప్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ, వేగంగా మారిన రాతలవల్ల వచ్చే పొరపాట్లు తగ్గేలాగా లెక్కలు కట్టి, రెండో పక్షమే సరి అన్నారు. వాదం ఇంకా ముగియలేదు.

ఈలోగా కొత్త సాక్షులు కూడా వచ్చారు. అరవై ఏళ్ళకు పైగా జీనోటర్బెల్లా అంటే స్వీడన్‌లో దొరికిన ఆ ఒక్క జాతే. కాని అమెరికా శాస్త్రజ్ఞులు పసిఫిక్ మహాసముద్రం లోతుల్లోకి మనిషి లేని యంత్రాన్ని దింపి చూడగా, కొత్తవి కనబడ్డాయి. 2016లో నాలుగు కొత్త జాతులను వర్ణించారు. అన్నిటిలోకీ పెద్దది 20 సెంటీమీటర్లున్నది. ఊదారంగులో ఉన్న దాన్ని చూసి వాళ్ళు ‘ఊదా మేజోడు’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. మరొకటి 3,700 మీటర్ల లోతున, సముద్రం అడుగునుంచి వేడినీళ్ళు ఉబికే చోట దొరికింది. ఇంకొక దాని ఒంటిమీద పొడుగునా గాళ్ళున్నాయి. నూనెలో వేయించే ‘చురో’ అనే తినుబండారంలాగా ఉన్నదని దానికి ఆ పేరే పెట్టారు. మన జంతికను చూసినవాళ్ళకు ఆ పోలిక ఇట్టే తెలుస్తుంది. 2017లో జపాన్ సముద్రాల్లోనూ ఒక జాతి దొరికింది.

పిల్లల తల్లిదండ్రులకు ఒక్కమాట. మీ పిల్లవాడు ఒక పురుగును చూపించి ‘ఇది ఏ జాతి?’ అని అడిగితే, తోచిన పేరు చెప్పి పంపేయకండి. దానికి ఏమేమి ఉన్నాయో, ఏమేమి లేవో వాడిచేతనే రాయించండి. బాక్ గారు చేసిన పని కూడా అక్కడే మొదలయింది.

పిల్లలూ, మీరు గీసిన చెట్టును పుస్తకంలో సిరాతో దిద్దుకోండి. జెల్లీచేపలు ఎక్కడ, ఆల్చిప్పలు ఎక్కడ, నక్షత్రచేపలు ఎక్కడ, మనం ఎక్కడ, అన్నీ రాయండి. జీనోటర్బెల్లా ఉండే కొమ్మను మాత్రం పెన్సిలుతో గియ్యండి. చెరిపి మరొకచోట గియ్యవలసి రావచ్చు.